వెచ్చని చలికాలము – మంచుచరియల ప్రమాదము

మన భాషలో మంచు అను మాటకు అర్థములు పెక్కు. పుష్యమాసమున తెల్లవారునప్పటికి గడ్డిపరకలపై నిలిచిన నీటిబొట్లు మంచు. కోలారు బాటపై బస్సు దీపములను మసకపరచు తెల్లని తెర మంచు. హిమాలయములపై దూదివలె రాలి, పొరపొరలుగా పేరుకొను తెల్లని రాశియు మంచే. సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్న మన చాంపియన్ రీఫ్సులో మొదటి రెండు రకములు తప్ప మూడవది కనబడదు. అట్టిచోట, ఆ మూడవ రకపు మంచు కొండచరియలనుండి విరిగిపడుటను గూర్చి పాఠమేలయని విద్యార్థులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే.

మేము చెప్పదగిన కారణములు రెండు కలవు. మొదటిది, మంచు మన యింటికి రాకపోయినను మనవారు మంచు కడకు పోవుచున్నారు. సైన్యమున చేరినవారు, కొండబాటలు వేయు కూలీలు, బదరీ కేదారములకు పోవు యాత్రికులు, ఇప్పుడు కొండలెక్కుటకై పోవు బాలబాలికలు కూడ. 2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణయు, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమారును, ఇద్దరును సంక్షేమ పాఠశాలల విద్యార్థులు, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరమును చేరిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 18న అదే పర్వతమునకు నేపాళము వైపున మంచుగడ్డలు విరిగిపడి 16 మంది నేపాళీ శ్రామికులు మరణించిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. మన పాఠశాలలోని తొమ్మిదవ తరగతి బాలికల యీడు.

రెండవ కారణము మన ఊరికే సంబంధించినది. నిశ్చలముగా నున్న కొండ ఒక్క క్షణమున పగులుట యనగా ఏమో మన పెద్దలకు తెలిసినంతగా లోకమున ఎక్కువ మందికి తెలియదు.

చాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతునకు పోయినది. ఘనమీటరు రాయి 2.8 టన్నుల బరువుండునని కొని లెక్కించినచో, ఆ లోతున చదరపు సెంటీమీటరుపై దాదాపు 900 కిలోల భారము నిలిచియుండును. రాయి కఠినమైనది కావున ఆ భారమును ఓర్చుకొనును. ఓర్చుకొనుట యనగా భారము లేకుండుట కాదు. బిగించిన విల్లువలె లోపల శక్తి దాచుకొనియుండుట. ముడిరాయిని తవ్వి తీయగా ఖాళీ యేర్పడును. ఆ ఖాళీ అంచుననున్న రాయిపై భారము మరింత కేంద్రీకరింపబడును. ఒకనాడు హద్దు మీరగానే ఆ రాయి తుపాకి ప్రేలినట్లు పగిలి స్టోపులోనికి చిమ్మును. దీనిని మన గనులవారు ఎయిర్ బ్లాస్టు అనెడివారు, ఇంజనీర్లు రాక్ బర్స్టు అనెడివారు. పైన ఊరిలో గోడలు అదరి, అటుకపై గిన్నెలు గలగలలాడినప్పుడు, లోపల షిఫ్టునకు పోయినవారి యిండ్లయందలి స్త్రీలు షాఫ్టువైపు పరుగిడుట ఈ ఊరి చరిత్రలో భాగము. 1912 నాటికే ఇచ్చట ఈ అదరుపాటులను గుర్తించుటకు భూకంపమాపక యంత్రము నెలకొల్పబడెను. 1988లో రాతిబలమును శోధించు జాతీయ సంస్థ యొకటి ఇచ్చటనే ప్రారంభమయ్యెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి, కాని ఎయిర్ బ్లాస్టు అను మాట ఇంకను మన యిండ్లలో వినబడుచున్నది.

ఆ మాటను వెనుక నుంచుకొని ఇప్పుడు మంచుకొండకు పోవుదము. మంచుచరియ విరుగుటయు ఇట్టిదే. పైకి నిశ్శబ్దము, లోపల దాచుకొనిన భారము, చిన్న కారణమునకు పెద్ద పగులు. భేదమొక్కటే. గనిలోని రాయికి ఎండ తెలియదు, మబ్బు తెలియదు. మంచు మాత్రము ఆకాశమును గంటగంటకు గమనించును. చలికాలమున అకాలపు వెచ్చదనము వచ్చినప్పుడు దాని గుణమెట్లు మారునో చెప్పుటయే ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము.

కొండపై మంచు ఒక్కసారిగా పడదు. మార్గశిరమున ఒకమారు, పుష్యమున ఒకమారు, మాఘమున మరియొకమారు పడును. ప్రతి పడుటయు ఒక పొర. చల్లని గాలి వీచుచు పడినది ఒకరకము, గాలి తోసికొనివచ్చి గట్టిపరచినది ఒకరకము, పడిన తరువాత ఎండకు కరగి రాత్రి గడ్డకట్టి అట్టగట్టినది మరియొకరకము. ఈ పొరలు ఒకదానినొకటి అంటిపెట్టుకొని యున్నంతవరకు కొండ క్షేమము. వాటి నడుమ ఒక్క పొర బలహీనమైనను, పైనున్నదంతయు దానిమీద ఆధారపడి వ్రేలాడుచున్నట్లే.

ఆ బలహీనపు పొర యెట్లు పుట్టునో చూడుడు. నేల తనలోని వేడిమిచేత 0 డిగ్రీల దగ్గర నిలుచును. మీది గాలి మైనసు 15, మైనసు 20 డిగ్రీలు. మంచు పలుచగా నున్నప్పుడు ఈ రెంటి నడుమ దూరము తక్కువ, వ్యత్యాసము ఎక్కువ. అడుగునుండి ఆవిరి పైకి లేచుచు మంచు రేణువుల రూపమును మార్చివేయును. మెత్తని మంచు పోయి, ఒకదానికొకటి అంటని పలుకులేర్పడును. గుప్పిట పట్టిన పంచదారవలె జారును. శీతకాలారంభమున మంచు తక్కువగా పడి, చాలకాలము ఆకాశము నిర్మలముగా నున్న సంవత్సరములలో ఈ పంచదార పొర తప్పక యేర్పడునని చెప్పవచ్చును. మంచు తక్కువ కదా, భయమేమని జనులు తలచునది సరిగా ఇట్టి సంవత్సరములలోనే.

ఇక ఏటవాలు. మన ఊరి సైనైడు దిబ్బలు చూడని విద్యార్థి లేడు. ముడిరాయిని పొడిచేసి బంగారము తీసిన తరువాత మిగిలిన బూడిదరంగు పిండి దిబ్బలవి. ఎండాకాలమున దాని ప్రక్కను కాలుపెట్టినచో పొడి జలజల జారి ఒక వాలున వచ్చి నిలుచును. అంతకన్న నిట్రముగా పొడి ఇసుక నిలువదు. మంచు, పొరలుగా అంటుకొని యుండుటచేత, అంతకన్న నిట్రముగా కూడ నిలువగలదు. అందుననే మోసమున్నది. 30 డిగ్రీలకు తక్కువైన వాలున చరియలు అరుదు. 50కి మించినచో మంచు నిలువక ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా రాలిపోవును. నడుమ, ముఖ్యముగా 38 డిగ్రీల చుట్టుప్రక్కల, చాలినంత మంచు పేరుకొనును, చాలినంత జారుబలమును పుట్టును.

లెక్క వేసి చూచిన మంచిది. ఒక చదరపు మీటరు వాలుపై మీటరు మందమున తడిసిన మంచు ఉన్నదనుకొందము. తడిమంచు ఘనమీటరు 400 కిలోలు తూగును. 38 డిగ్రీల వాలున ఆ 400 కిలోలలో దాదాపు 246 కిలోల బలము వాలు వెంబడి క్రిందికి లాగును. నూరు మీటర్ల వెడల్పు, ఏబది మీటర్ల నిడివి గల చిన్న చరియ యైనను 5,000 చదరపు మీటర్లు. దానిమీది మంచు 2,000 టన్నులు. ఈ రెండువేల టన్నులను పట్టియుంచునది బొటనవ్రేలి మందము లేని ఒక పొర కావచ్చును.

ఇప్పుడు వెచ్చదనము సంగతి.

వేడిమి మంచును కరగించును, కావున ప్రమాదమును తగ్గించునని తోచుట సహజము. దీర్ఘకాలమునకు అది కొంత నిజమే. వెచ్చదనము నెమ్మదిగా వచ్చి, రాత్రులు మరల గడ్డకట్టుచు పోయినచో రేణువులు ఒకదానితోనొకటి అతుకుకొని పొరలు స్థిరపడును. ప్రమాదము తటాలున వచ్చు వెచ్చదనముతో కలుగును. గాలి మైనసు 12 నుండి మైనసు 7కు వచ్చినను పైపొర మెత్తబడి క్రిందికి సాగుట హెచ్చును. పైపొర సాగినకొలది దాని బరువు క్రింది బలహీనపు పొరపై ఎక్కువగా పడును. మంచు ఇంకను కరగలేదు, చుక్క నీరు లేదు, అయినను బలాబలములు మారిపోయినవి.

ఆపై 0 డిగ్రీలు. మంచునకు ఇంతకన్న హెచ్చు ఉష్ణోగ్రత లేదు. ఉష్ణమాపకమును గ్రుచ్చి చూచినచో ఉదయమునను 0, మధ్యాహ్నమునను 0, సాయంకాలమునను 0. చూచువాడు మార్పేమియు లేదనుకొనును. కాని 0 డిగ్రీల మంచు ఒక గ్రాము 0 డిగ్రీల నీరగుటకు 80 కేలరీల వేడిమి కావలెనని మీరు భౌతికశాస్త్రమున చదివియున్నారు. దినమంతయు వచ్చిన వేడిమి ఉష్ణమాపకమున కనబడక ఈ గుప్తోష్ణముగా మంచులోనికి దిగి, దానిని లోలోపల నీరుగా మార్చుచుండును. పాఠ్యపుస్తకమున గుప్తోష్ణమును గూర్చి ఇచ్చెడి ఉదాహరణలలో ఇది చేరలేదు. చేర్చదగినదని మా అభిప్రాయము.

నీరు చేరిన మంచు గుణము నెరుగుటకు మరల మన దిబ్బలకే రావలెను. ఎండిన పొడి నిలువక జారునని చెప్పితిమి. కొద్దిగా తేమ తగిలినచో అదే పొడి గట్టిపడి, పిల్లలు కట్టు గూళ్లకు గోడలై నిలుచును. ఆశ్వయుజ కార్తీకములలో జడివానలు పట్టినప్పుడో, అదే దిబ్బ కాలువలు కట్టి బురదయై పారును. మంచు నడత సరిగా ఇదియే. రేణువుల నడుమ స్వల్పముగా నీరున్నచో అది బంధించును. హెచ్చినచో బంధములను కడిగివేయును. రాగిపిండి ఎగురును, సంగటి బరువుగా దొర్లును. పొడిమంచు చరియ మేఘమువలె లేచి గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగముతో దూకగలదు. తడిమంచు చరియ అంత వేగముగా పోదు, మనిషి పరుగునకు చిక్కనంత వేగము మాత్రము తప్పక కలది, చెట్లను వేళ్లతో పెకలించుకొని పోవును. నిలిచిన పిమ్మట గట్టిబడి గోడకట్టు సున్నమువలె బిగియును. రెండవదియే వెచ్చని చలికాలపు బిడ్డ.

ఈ నీరు పైననే నిలిచిన కొంత మేలు. అది క్రిందికి దిగుచు, ఎక్కడనో ఒక అట్టగట్టిన పొర తగిలినప్పుడు అక్కడ ఆగి, ఆ పొరమీద నూనె పూసినట్లు పరచుకొనును. లేదా నేలవరకు పోయి, గడ్డి మొలచిన నున్నని వాలున మంచు మొత్తమునకు అడుగున చేరును. అప్పుడు పైన విల్లువంటి పగులొకటి నోరు తెరచుకొని కొన్ని గంటలు, కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు వారములు అట్లే యుండును. ఎప్పుడు జారునో చెప్పుట అనుభవజ్ఞులకు సైతము అలవి కాదు.

వీటికి మించినది వాన. చలికాలమున మంచు పడవలసిన ఎత్తున వాన పడుట అకాలపు వెచ్చదనమునకు మొదటి గుర్తు. 20 మిల్లీమీటర్ల వాన మనకు లెక్కలోనిది కాదు, చెరువున చెంబెడు నీరు చేరదని రైతు నిట్టూర్చును. పైన చెప్పిన 5,000 చదరపు మీటర్ల చరియపై అదియే 100 టన్నుల క్రొత్తబరువు. బరువు పెంచుటయు, బంధము తెంచుటయు ఒకేసారి జరుగును. వాన మొదలైన కొద్ది నిమిషములకే చరియలు జారుట తరచు గమనింపబడినది.

రాత్రి సంగతి కూడ చెప్పవలెను. కోలారు ప్రాంతమున పుష్యమాసపు నిర్మలమైన రాత్రి ఎంత చలియో, మబ్బు కమ్మిన రాత్రి ఎంత ఉక్కయో మనకు తెలియును. నేల దినమంతయు గ్రహించిన వేడిమిని రాత్రి ఆకాశమునకు విడిచిపెట్టును. మబ్బు ఆ దారిని మూయును. కొండమీద నిర్మలమైన రాత్రి మంచు మరల గడ్డకట్టి తెల్లవారుజామున రాయివలె నుండును. ఆ కొలది గంటలే దాటుటకు అనువైనవి. మబ్బు పట్టిన వెచ్చని రాత్రి గడచినచో ఈ మరమ్మతు జరుగలేదన్నమాట. ముందుదినపు నష్టము మీద మరునాటి యెండ పడును. కావున కొండవారు ప్రొద్దున లేచి మొదట చూచునది నేటి యెండను కాదు, నిన్నటి రాత్రిని.

మన దేశమున ఇటీవలి యుదాహరణము 2025వ సంవత్సరపుది. ఆ యేటి ఫిబ్రవరి, 1901 నుండి లెక్కలు గలిగిన ఫిబ్రవరులన్నిటిలోను దేశమునకు సగటున మిక్కిలి వెచ్చనిదిగా వాతావరణశాఖ ప్రకటించెను. జనవరియు వెచ్చనిదే. అటుపిమ్మట ఫిబ్రవరి చివరి దినములలో పడమటినుండి వచ్చిన వాయు అలజడివలన కొండలపై భారీగా మంచును, దిగువను వానయు పడినవి. ఉత్తరాఖండపు చమోలీ జిల్లాలో, బదరీనాథమునకు సుమారు మూడు కిలోమీటర్ల దూరమున, 3,200 మీటర్ల ఎత్తున మాణా యను గ్రామము కలదు. అచ్చట సరిహద్దు బాటల సంస్థ పనిచేయించు కూలీల శిబిరముండెను. 28వ తేదీ తెల్లవారుజామున మంచుచరియ ఆ శిబిరముపై విరుచుకొనిపడెను. చిక్కుకొనిన 54 మందిలో 46 మందిని సైనికులు, తదితరులు బ్రతికించి వెలికితీసిరి. 8 మంది మరణించిరి. 2,400 మీటర్లకు పైనున్న ప్రాంతములకు ప్రమాదసూచన ముందటి దినముననే వెలువడియుండెను.

వెచ్చదనమే ఆ చరియకు కారణమని మేము తీర్మానింపబోము. ఒక్క చరియకు ఒక్క కారణము నిర్ణయించుట శాస్త్రజ్ఞులకే కష్టము. కాని మంచు కొరవడిన వెచ్చని చలికాలము చివర ఒక్కుమ్మడిగా వచ్చిపడిన క్రొత్తమంచు ఎట్టి నేలమీద నిలువవలసి వచ్చునో పైన వివరించితిమి. మరియొక సంగతి గూడ ఇందు గమనింపదగినది. తెల్లవారుజాము క్షేమమని ఇప్పుడే చెప్పితిమి. మాణా చరియ పడినది ఆ వేళనే. ఎండకు కరగు మంచునకు గడియారము కలదు. ఎడతెగక పడుచున్న క్రొత్తమంచునకు గడియారము లేదు. సూత్రము కంఠస్థము చేసి, అది ఏ మంచునకు చెప్పబడినదో మరచుట ప్రాణాంతకము.

మంచుతో కూడిన ప్రతి విపత్తును ఒకే గాట కట్టరాదు. 2016 ఫిబ్రవరి 3న సియాచెనులో 19,600 అడుగుల ఎత్తున నున్న సోనం కావలి స్థానముపై పెద్ద మంచుగోడ విరిగిపడి 19వ మద్రాసు బెటాలియనుకు చెందిన పదిమంది కప్పబడిపోయిరి. వారిలో నాటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాస్తవ్యుడగు సిపాయి ముస్తాక్ అహ్మదు ఒకడు; మన కర్ణాటకవాసులును కలరు. ధారవాడ జిల్లా బెటదూరునకు చెందిన లాన్సునాయక్ హనుమంతప్ప కొప్పద ఆరు దినముల పిమ్మట సజీవుడై వెలికి వచ్చి, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూసెను. అచ్చట విరిగినది క్రొత్తగా పడిన పొర కాదు, ఏండ్లతరబడి గట్టిపడిన హిమానీనదపు గడ్డ. 2021 ఫిబ్రవరి 7న అదే చమోలీ జిల్లాలో ఋషిగంగ లోయను ముంచి 200 మందికి పైగా బలిగొన్నది మరియొక రకము. శిఖరమునుండి రాయియు మంచును కలిసి దాదాపు 2 కోట్ల 70 లక్షల ఘనమీటర్ల ముక్క ఊడి పడినది. వార్తాపత్రికలు అన్నిటికిని ఒకే పేరు పెట్టును. చదువరులు వేరుపరచుకొనవలెను.

మరి లోకము వెచ్చబడినకొలది మంచు తగ్గును గదా, చరియలును తగ్గవా? ఆల్ప్సు పర్వతముల దిగువ వాలులలో, మంచే నిలువని చోట్ల, తగ్గుచునే యున్నవి. ఎత్తైన చోట్ల తడిచరియలు పెరుగుచున్నవి. పూర్వము చైత్రవైశాఖములలో పడునవి ఇప్పుడు మాఘమున కూడ పడుచున్నవి. హిమాచలప్రదేశమున ఒక వాలుపై నున్న చెట్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన పరిశోధన ఇచ్చట స్మరింపదగినది. చరియ తగిలి గాయపడిన చెట్టు ఆ యేటి వలయమున గుర్తు నిలుపుకొనును. అట్టి గుర్తులను ఏటికేడు లెక్కించి, గత శతాబ్దపు చివరి దశాబ్దములనుండి అచ్చట చరియలు పెరిగినవనియు, అందుకు చలికాలాంతమునను వసంతారంభమునను హెచ్చిన ఉష్ణోగ్రతతో సంబంధము కలదనియు వారు తేల్చిరి. కాగితముమీద లెక్కలు లేని కొండలలో చెట్లే దస్తావేజులైనవి.

గనిలో పేల్చుటకు ముందు మనుషులను దూరముగా పంపుట నియమము. మంచుకొండలలోను కొన్నిచోట్ల బాటను మూసి, పైనున్న చరియను ప్రేలుడుమందుతో తామే ముందుగా పడగొట్టుదురు. పడవలసినది మనము లేనప్పుడు పడుట మేలను ఆలోచన రెండుచోట్లను ఒకటియే. గనిలో ఖాళీచేసిన స్టోపులను కరకురాతి కట్టడముతో నింపినట్లు, స్విట్జర్లాండున చరియ పుట్టు వాలులందే ఉక్కు కంచెలు వరుసలుగా నిలిపి మంచును పట్టియుంచుదురు. అచ్చటి దావోసు పట్టణమునకు పైన 1936లోనే మంచు పరిశోధనశాల వెలసినది. మన దేశమున 1969లో మనాలియందు ప్రారంభమైన మంచు, చరియల పరిశోధన సంస్థ 2020లో రక్షణశాఖవారి మరియొక సంస్థతో కలిసిపోయి, నేడు చండీగఢమునుండి ప్రమాదసూచనలు వెలువరించుచున్నది.

ఈ సూచనలలో ప్రమాదమును ఐదు మెట్లుగా చెప్పుట ఐరోపాలో 1993 నుండి వాడుకలో నున్నది. ఐదవ మెట్టున జనులు ఇల్లు కదలరు. ఎక్కువ మంది మరణించునది మూడవ మెట్టున. అది నడుమనున్నది కావున ఫరవాలేదనిపించును, ఆకాశమును చూడ చక్కగా నుండును. అంకెలలో మూడు సగము. ప్రమాదములో సగము కాదు. మెట్టుమెట్టునకు ప్రమాదము రెట్టింపునకు మించి పెరుగును.

కొండమీద నడచువానికి కొన్ని గుర్తులు మంచే తెలుపును. అడుగు వేయగానే లోపల గుమ్మని మూగధ్వని వచ్చుట: బలహీనపు పొర కూలిన చప్పుడది, మన ఎయిర్ బ్లాస్టునకు చెల్లెలు. కాలినుండి పగులు ముందుకు బాణమువలె పరుగిడుట. ఎండతగులు వాలునుండి మంచుముద్దలు తమంత తామే చక్రములవలె దొర్లుకొనివచ్చుట. అదే దిక్కునకు తిరిగిన మరియొక వాలున అప్పుడే చరియ పడియుండుట. ఒకచోట చెట్లన్నిటికి పైవైపు కొమ్మలు లేకుండుట: అది చరియలు నడచు దారి, అచ్చట గుడారము వేయరాదు. బూటు చీలమండవరకు తడిమంచున దిగబడినచో ఆనాటి ప్రయాణము ముగిసినట్లే. ప్రమాదపు వాలును తప్పనిసరిగా దాటవలసినచో ఒక్కొక్కరుగా దాటవలెను, మిగిలినవారు క్షేమమైన చోట నిలిచి, దాటువానిపై చూపు మరల్చక యుండవలెను. విహారమునకు పోయినవారిలో చరియ పాలైనవారి సంగతి విచారింపగా, పదింట తొమ్మిదిమార్లు దానిని కదలించినది వారో, వారి తోడివారో యని తేలినది.

మంచుక్రింద చిక్కినవానికి కాలమే ప్రాణము. మొదటి పదినిమిషములలో వెలికితీసినచో అధికసంఖ్యాకులు బ్రతుకుదురు. అరగంట గడచునప్పటికి ముగ్గురిలో ఒకడు మాత్రమే మిగులుట అరుదు కాదు. గాయములకన్న ఊపిరాడకపోవుటయే పెక్కుమందిని చంపును. కావున దూరమునుండి రాదగిన సహాయముకన్న ప్రక్కనున్న సహచరుని చేతిలోని పార విలువైనది. సంకేతము నంపు చిన్న యంత్రము, గ్రుచ్చి వెదకు పొడవైన కడ్డీ, పార: ఈ మూడును ప్రతివానియొద్ద నుండవలెనని నియమము. తడిమంచు క్షణములలో బిగియును, దానిని వట్టి చేతులతో త్రవ్వుట అసాధ్యము. మాణాలో బ్రతికినవారిలో పలువురు నిద్రించుచుండినది ఇనుపరేకుల కంటైనరు గదులలో. చరియ ఆ పెట్టెలను దొర్లించెను, నలిపెను; కాని లోపల గాలి మిగిలెను. గంటలకొలది, కొందరికి ఒక దినమునకు పైగా, ఆ గాలియే ఆధారమయ్యెను.